పడుకోబెట్టిన లైను

మా ఆఫీసులో అందరూ ఆమెను స్విచ్చక్క అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. పొద్దున్నే వచ్చి, చేతిసంచి కుర్చీలో పెట్టకముందే వరండాలో దీపాలన్నీ టకటకా ఆర్పేస్తుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే వెళ్ళి కట్టేసిగానీ కూర్చోదు. భోజనాల గదిలో నేను డబ్బా మూత తీసేలోగా నెత్తిమీద దీపం ఆరిపోతుంది. "అక్కా, నేనింకా బతికే ఉన్నాను" అని అరిస్తే, "కిటికీ పక్కన కూర్చోరాదూ" అంటుంది నింపాదిగా. పిసినారి అనుకునేరు, అదేం కాదు. ఎవరికి ఏం కావాలన్నా చెయ్యి వెనక్కి తీసుకునే మనిషి కాదు. పనీ పాటా లేకుండా ఊరికే మేలుకుని ఉండే వస్తువంటేనే ఆమెకు పడదు.

ఆమె ఉద్యోగం కూడా అదే. మేం బ్యాటరీతో నడిచే చిన్న చిన్న పరికరాలు తయారుచేస్తాం. ఒక్కోదానిలో గోరంత ప్రాసెసర్ ఉంటుంది. దానికి పనులు పంచిపెట్టే ప్రోగ్రాంని కెర్నెల్ అంటారు. పని లేనప్పుడు ప్రాసెసర్‌ని పడుకోబెట్టి, పని రాగానే లేపే వ్యవహారం ఆ కెర్నెల్లో ఒక మూల జరుగుతుంది. పదిహేనేళ్ళుగా ఆ మూల స్విచ్చక్కది. నిద్రకు మూడు మెట్లు పెట్టి వాటికి కునుకు, నిద్ర, మొద్దు నిద్ర అని పేర్లు పెట్టుకుంది. మొదటి రెండింటిలో ప్రాసెసర్ గడియారం నడుస్తూనే ఉంటుంది, వేళకు అదే లేస్తుంది. మొద్దు నిద్రలో మాత్రం తన గడియారాన్ని కూడా ఆపేసుకుంటుంది. అప్పుడు పక్కనుండే ఇంకో చిన్న గడియారం దాన్ని తట్టి లేపాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, మిగతాది నేను చెప్తాను.

నేను టెస్టర్ని. ప్రోగ్రాములు రాసేవాళ్ళ తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం, పట్టుకున్నాక తిట్టడం నా సంతోషం. చిన్న చిన్న మార్పులైతే నేనే చేసేస్తుంటాను. నాకు ముక్కుమీద కోపం, నోరు దురుసు. స్విచ్చక్క దానికి సరిగ్గా ఎదురు. కోపం వస్తే ఆమె నోరు మూతపడుతుంది, చేతులు మాట్లాడతాయి. ఆమె తమ్ముడికి పుట్టుకనుంచీ వినపడదు. వాడికి మూడేళ్ళు, ఆమెకు తొమ్మిదేళ్ళు ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి సైగల బడికి వెళ్ళారట. నవ్వు కూడా అక్కడే నేర్చుకుందేమో, చప్పుడు లేకుండా భుజాలతో నవ్వుతుంది. అద్దాల గదిలో మీటింగు జరుగుతుంటే బయట నిలబడి నాకు సైగలు చేస్తుంది. ఆరేళ్ళలో నాకు వచ్చినవి నాలుగే: ఆపు, పద, అబద్ధం, ఆకలి. మా పని జరగడానికి అవి చాలు.

తమ్ముడు వడ్రంగి. కుర్చీలు, బీరువాలు చేస్తాడు. అతని భార్యకూ వినపడదు. వాళ్ళకు రెండు నెలల కిందట పాప పుట్టింది. పాప ఏడిస్తే ఎలా తెలుస్తుంది? అందుకే మా చేతిపట్టీ. పాప మంచం పక్కన ఒక పెట్టె ఉంటుంది, అది ఏడుపు వినగానే కబురు పంపుతుంది. మణికట్టుకున్న పట్టీ సెకనుకోసారి మేలుకుని కబురేమైనా ఉందా అని చూసి, లేకపోతే మళ్ళీ పడుకుంటుంది. ఉంటే చేతిని ఊపి ఊపి వదిలిపెడుతుంది. పరికరం ఇంకా అమ్మకానికి రాలేదు. వాడి చూడమని కొద్దిమందికి ఇచ్చాం, వాళ్ళలో తమ్ముడొకడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు ఏదో పనిమీద బయటికి వెళ్ళింది. తమ్ముడు పాపను మంచంలో పడుకోబెట్టి పక్కనే చాపమీద వాలాడు. వారమంతా రంపం లాగిన ఒళ్ళు, పడుకుంటే చెక్కే. పాప లేచింది, ఏడ్చింది, కాలు మంచం కమ్మీల మధ్య ఇరుక్కుంది. నలభై నిమిషాలు ఏడ్చింది. పైవాటా ఆవిడ తలుపు బాది బాది, చివరికి రెండు వీధుల అవతల ఉండే తమ్ముడి అత్తగారికి ఫోన్ చేసింది. అత్తగారు తాళంచెవితో పరుగున వచ్చి చూసేసరికి పాప గొంతు బొంగురుపోయింది, కాలు కమిలిపోయింది. తండ్రి పక్కనే నిద్రపోతున్నాడు. ఆ గాభరాలో అతని చేతికి పట్టీ ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఉంది, నేను తియ్యలేదు అన్నాడతను. శనివారం వచ్చి పాపను తీసుకెళ్ళిపోతాను, మూడేళ్ళొచ్చేదాకా నా దగ్గరే పెంచుతాను అంది అత్తగారు. మరదలు ఏడుస్తోంది, తమ్ముడు గోడ వంక చూస్తున్నాడు. స్విచ్చక్క సోమవారం ఉదయం ఇదంతా నాకు చెప్పి, పట్టీని నా బల్లమీద పెట్టింది. అతని చెయ్యి మళ్ళీ వట్టిగా ఉండకూడదని, దానిలో రాసి ఉన్నదంతా దించుకుని ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశాం.

పట్టీ తన దినచర్య తానే రాసుకుంటుంది: నిమిషానికోసారి ఒంటి వేడి, చేతి కదలిక. వాటిని పట్టికగా పేర్చే ప్రోగ్రాం నాది. నేను తీసి చూపించాను. ఆ నలభై నిమిషాలూ వరసగా సున్నాలు.

"చూశావా అక్కా? విప్పి ఎక్కడో పెట్టాడు. మగాళ్ళంతా ఇంతే, కాస్త చెమట పడితే చేతిగడియారం కూడా పీకి పారేస్తారు" అన్నాను.

"తియ్యలేదన్నాడు."

"అంటారక్కా. పట్టీ బాగానే ఉందిగా! అత్తగారొచ్చినప్పటినుంచీ నిన్న సాయంత్రం నీ చేతికొచ్చేదాకా అంకెలన్నీ రాసుకుంటూనే ఉంది."

ఆ రోజు వరండాలో దీపాలు సాయంత్రం దాకా వెలుగుతూనే ఉన్నాయి. అది చూసే నాకు కొంచెం భయం వేసింది.

అయినా రెండు రోజులు పరీక్షించాం. తమ్ముడి పట్టీలో ఉన్న ప్రోగ్రామే మా బల్లమీద పట్టీలోనూ ఎక్కించి, కేబులు తగిలించి లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో చూస్తూ కూర్చున్నాం. పడుకుంటోంది, లేస్తోంది, కబురు చూస్తోంది, మళ్ళీ పడుకుంటోంది. ఒక్కసారి కూడా తప్పలేదు. మంగళవారం సాయంత్రం నేను పెదవి విరిచి, "ఇందులో లోపం లేదక్కా, నువ్వు బాధపడినా సరే" అన్నాను.

"నేనూ అడిగాను వాణ్ణి, నిజం చెప్పు అని. రెండుసార్లు అడిగాను" అంది స్విచ్చక్క. చెప్పేటప్పుడు నా వంక చూడలేదు.

బుధవారం నేను వచ్చేసరికి ఆమె నా పట్టిక పక్కన పడేసి, పట్టీ రాసుకున్న అసలు అంకెలు ముందేసుకుని కూర్చుంది.

"ఇవి సున్నాలు కావే" అంది.

"మరి?"

"ఖాళీ. అసలేమీ రాయలేదు. ఖాళీ ఉన్నచోట నీ ప్రోగ్రాం సున్నా వేసింది."

"రెండూ ఒకటే కదా!"

"ఎలా ఒకటవుతాయి? వాడు తీసి పక్కన పెట్టాడే అనుకో. ఒంటి వేడి మెల్లమెల్లగా దిగిపోతూ కనపడాలి కదా? ఇక్కడ వేడీ లేదు, చల్లదనమూ లేదు. రాసేదే పడుకుంది."

నా చెవులు కాలిపోయాయి. ఒకరి తప్పు ఎత్తిచూపడానికి నేను తెచ్చిన సాక్ష్యమే తప్పు సాక్ష్యం. మామూలుగా అయితే అలాంటి ప్రోగ్రాం రాసినవాణ్ణి నిలబెట్టి కడిగేసేదాన్ని. కడగడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

"మరి మన బల్లమీద ఎందుకు పడుకోవట్లేదు?" అన్నాను గొంతు తగ్గించి.

ఆమె కాసేపు కేబులు వంక చూసింది. తర్వాత నుదుటిమీద కొట్టుకుంది. "మనం ఈ తీగ పెట్టి లోపలికి తొంగి చూస్తున్నంతసేపూ ప్రాసెసర్ మొద్దు నిద్రలోకి పోదు. కునుకుతోనే సరిపెడుతోంది. నాకు తెలిసిన విషయమే! పదిహేనేళ్ళ నుంచి తెలుసు! కంగారులో బుర్ర పనిచెయ్యలేదు."

కేబులు పీకేశాం. బ్యాటరీకి ప్రాసెసర్‌కి మధ్య మీటర్ పెట్టి, అది ఎంత కరెంటు తాగుతోందో మాత్రమే చూడసాగాం. పట్టీని ఇసుక సంచికి చుట్టి, బల్లమీద కదలకుండా పడుకోబెట్టాం. మీటర్లో అంకె సెకనుకోసారి ఎగిరి పడుతోంది, అంటే లేచి చూసి పడుకుంటోంది. పది నిమిషాలు గడిచాయి. అంకె ఒకసారి అడుక్కి దిగింది, మళ్ళీ ఎగరలేదు. నేను పక్కగదిలోకి వెళ్ళి పెట్టె ముందు పాప ఏడుపు రికార్డు మోగించాను. పెట్టె ఎర్రదీపం వెలిగించి కబురు పంపింది. పట్టీ ఉలకలేదు, పలకలేదు. స్విచ్చక్క వేలితో ఇసుక సంచిని తట్టింది. పట్టీ గబుక్కున లేచి, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా హడావుడి చేస్తూ వణికింది.

"కదిలిస్తే లేస్తోంది" అంది ఆమె. "కదలికను పసిగట్టే ముక్క లేపుతోంది దాన్ని. వాడు చెయ్యి కదపకుండా పడుకున్నంతసేపూ ఇదీ మొద్దు నిద్రే. అత్తగారు పట్టుకుని ఊపగానే వాడూ లేచాడు, ఇదీ లేచింది. అందుకే తర్వాత బాగానే కనపడింది." ఆమె ముఖం ఎర్రబడింది. "వాడు తియ్యలేదే. వాడి చేతికే ఉంది."

"మరి చిన్న గడియారం ఏం చేస్తోంది? మొద్దు నిద్రలోంచి లేపాల్సింది అదేగా?"

"అదే చూద్దాం."

కెర్నెల్ తెరిచింది. మొద్దు నిద్రలోకి పంపే చోటు వెతికింది. అక్కడ, ప్రాసెసర్ పడుకునే ముందు చిన్న గడియారాన్ని నడిపించే లైను ఒకటి ఉండాలి. లేదు. ముందూ వెనకా వెతికింది. ఎక్కడా లేదు.

"ఇది తీసేసిందెవరు?" అంది. ఆమె నోట మాట అంత గట్టిగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

మార్పుల చరిత్ర తెరిచింది. మూడు వారాల కిందటి తేదీ. పక్కన నా పేరు.

ఆ తేదీ, ఆ పేరు రెండుసార్లు చదివాను. తర్వాత అంతా గుర్తొచ్చింది, గుర్తురాగానే నోరు లేచింది. "నువ్వే కదక్కా లేపెయ్యమన్నావు!"

"అవును, లేపెయ్యమన్నాను."

"అదే కదా, లేపేశాను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఏం జరిగిందంటే, ఒక లైను కొద్దిరోజులు పనిచెయ్యకుండా ఉండాలంటే దాని ముందు రెండు గీతలు పెడతాం. లైను చెరిగిపోదు, ఉన్నచోటే ఊరికే ఉంటుంది. మా ఆఫీసులో దాన్ని పడుకోబెట్టడం అంటాం. ఏదో పరీక్ష కోసం స్విచ్చక్క చిన్న గడియారం లైనును పడుకోబెట్టింది. మర్నాడు తమ్ముడి కుటుంబంతో కలిసి పాపకు సూదిమందు వేయించడానికి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడినుంచి ఫోన్ చేసింది. చుట్టూ పిల్లల ఏడుపులు. "నిన్న ఒక లైను పడుకోబెట్టాను చూడు, చిన్న గడియారానిది. దాన్ని లేపెయ్. లేపేసి తమ్ముడి పట్టీకి పంపించెయ్" అంది. ఆ వారమంతా మేం కరెంటు తగ్గించాలని అనవసరమైనవన్నీ పీకేస్తున్నాం. ఆ దీపం లేపెయ్, ఈ లెక్క లేపెయ్, ఆ సందేశం లేపెయ్, పొద్దున లేచింది మొదలు ఇదే మాట. పడుకున్న లైను ఇక అక్కర్లేదు కాబోలనుకుని తుడిచిపెట్టేశాను. తుడిచి, "అయిపోయిందక్కా" అని చెప్పాను కూడా. ఆ ప్రోగ్రాం ఎక్కింది రెండింటికే: మా బల్లమీద పట్టీకీ, తమ్ముడి చేతికీ.

"పడుకున్నవాణ్ణి లేపెయ్ అంటే ఏం చేస్తారే?" అంది స్విచ్చక్క.

"అడ్డంగా ఉన్నదాన్ని లేపెయ్ అంటే ఏం చేస్తారు?" అన్నాను నేను.

ఆమె భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "మూడు వారాలే. మూడు వారాలు వాడి చేతికి ఉత్త బొమ్మ కట్టి, వాణ్ణి నిద్రపొమ్మన్నాం. రాత్రుళ్ళు పాప తల్లి పక్కలో ఉండబట్టి ఎవరికీ తెలియలేదు."

నాకు ఎక్కడైనా తలుపు చాటున దాక్కోవాలనిపించింది. పాప కమిలిన కాలు నేను చూడలేదు, అయినా కళ్ళముందు అదే కనపడుతోంది.

లైను మళ్ళీ రాశాం. మరదలు ఆ వారమంతా పాపను ఒళ్ళోంచి దించట్లేదని తెలుసు కాబట్టి, పూర్తిగా పరీక్షించాకే వాళ్ళకు చెబుదామనుకున్నాం. గురువారం, శుక్రవారం ఇసుక సంచి దగ్గరే కాపురం పెట్టాం. పది నిమిషాలు ఆగడం, ఏడుపు మోగించడం, పట్టీ వణికిందో లేదో రాసుకోవడం. అరవైసార్లు మోగించాను, అరవైసార్లూ లేచింది. ఆఫీసులో జనానికి పిచ్చెక్కిపోయింది. కాపలా ఆయన మూడుసార్లు లోపలికి తొంగిచూసి, "ఎవరి పాపండీ, ఎత్తుకోండి పాపం" అన్నాడు. ఏడుపు కంప్యూటర్లోది అని చెప్తే నమ్మలేదు, బల్లకింద కూడా చూశాడు.

శుక్రవారం సాయంత్రం స్విచ్చక్క బ్యాగు సర్దుకుంటూ, "రేపు వెళ్ళి చెప్తాను. తప్పు నాదని చెప్తాను. నేను రాసిచ్చి ఉండాల్సింది" అంది.

"నీ ముఖం. నేను చేసిన తప్పు నువ్వు చెప్పేదేమిటి? నేనూ వస్తాను" అన్నాను.

శనివారం ఉదయం వెళ్ళేసరికి తమ్ముడి ఇంట్లో ముందుగది అంతా చెక్కపొడి వాసన. గోడవారగా సగం చేసిన కుర్చీ. గుమ్మం పక్కన సంచి, దానిలో పాప బట్టలు మడతపెట్టి ఉన్నాయి. అత్తగారు మోడామీద కూర్చుని ఉంది. మరదలు పాపను గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుంది, ఎవరు దగ్గరికి వచ్చినా చేతులు బిగిస్తోంది. తమ్ముడు మా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చిచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. పొడుగు చేతుల చొక్కా, గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాడు.

"నాకు వీళ్ళమీద పగేం లేదమ్మా" అంది అత్తగారు నాతో. "ఆ కాలు చూసిన దగ్గర్నుంచీ నాకు కన్ను మూతపడటం లేదు. వినపడేవాళ్ళు ఒక్కరైనా పక్కన ఉండొద్దూ?"

నేను జీవితంలో చాలామందిని తిట్టాను, ఒక్కరి ముందూ ఇలా నిలబడలేదు. "పిన్నిగారూ, పట్టీ ఆ రోజు మీ అల్లుడి చేతికే ఉంది. ఆయన తియ్యలేదు. పట్టీ నిద్రపోయింది. దాన్ని లేపే లైను పొరపాటున నేను తుడిచేశాను" అన్నాను. నేను చెప్తుంటే పక్కన స్విచ్చక్క చేతులు తమ్ముడికీ మరదలికీ అదే చెప్తున్నాయి. నా మాటలు అయిపోయాక కూడా ఆమె చేతులు ఆగలేదు. ఏం చెప్పిందో నాకు తెలియలేదు. ఒకే సైగ మూడుసార్లు చేసింది. మరదలు భర్త వంక తిరిగి చూసింది. అతను మాత్రం కదలలేదు.

"అల్లుడు తియ్యలేదా?" అంది అత్తగారు.

"లేదండీ."

"ఇప్పుడు బాగైందని నేనెలా నమ్మేది?"

"మీ చేతికే పెట్టుకుని చూడండి" అన్నాను.

ఆవిడ తక్కువ మనిషి కాదు. సరేనంది. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన పట్టీ చేతికి కట్టించుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, చాపమీద వెల్లకిలా పడుకుంది. చెయ్యి కదపొద్దని చెప్పాను. కదిపితే నేను ఒప్పుకోనని ఆవిడే తిరిగి నాకు చెప్పింది. పెట్టెను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. పావుగంట ఆగాను. తర్వాత ఏడుపు మోగించాను.

"అమ్మో!" అని ముందుగది నుంచి కేక. తలుపు తీసి చూస్తే ఆవిడ లేచి కూర్చుని, చెయ్యి పట్టుకుని, "చచ్చినవాళ్ళు కూడా లేస్తారు దీనికి!" అంటోంది. నవ్వుతోంది కూడా. లేచి, గుమ్మం దగ్గర సంచి తీసుకెళ్ళి కూతురి పక్కన పెట్టింది. "పాప ఇక్కడే ఉంటుంది. మధ్యాహ్నాలు మాత్రం నేను వచ్చి కూర్చుంటాను, అది మీరు కాదనకూడదు" అంది. స్విచ్చక్క ఆ మాట సైగల్లో చెప్పేలోగానే మరదలికి అర్థమైపోయింది. తల్లిని గట్టిగా పట్టుకుంది.

అత్తగారు తన చేతి పట్టీ విప్పి అల్లుడికి అందించింది. "పెట్టుకో నాయనా. పాతది తీసెయ్" అంది. స్విచ్చక్క సైగ చేసింది.

అతను గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పాత పట్టీ కనపడలేదు. మణికట్టు చుట్టూ, కరెంటు తీగలకు చుట్టే నల్లటేపు మూడు నాలుగు వరసలు బిగించి ఉంది. పట్టీ దాని కింద ఉంది. టేపు అంచుల్లో చర్మం ఎర్రగా ఉబ్బింది, ఒకచోట ఒరుసుకుపోయి నీరు కారుతోంది.

అతను రెండో చేత్తో, వేళ్ళతో, ఛాతీమీద ఏవో సైగలు చేశాడు.

"ఏమంటున్నాడమ్మా?" అంది అత్తగారు.

"తీశావు, తీశావు అని అందరూ అంటుంటే, నిద్రలో నేనే తీసేస్తున్నానేమో అనుకున్నాను అంటున్నాడు" అంది స్విచ్చక్క. "అందుకే తియ్యడానికి రాకుండా చుట్టేసుకున్నాడట. సోమవారం నుంచీ."

అత్తగారు చాపమీద కూలబడింది. అతన్ని చొక్కా పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, టేపు కొస ఎక్కడుందోనని గోటితో వెతకసాగింది. కొస దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తప్పు నాదని అప్పటికే చెప్పేశాను. లోపలికి వెళ్ళి కత్తెర వెతికి తెచ్చి ఇచ్చాను.